టూ వీల్ డ్రైవ్ పికప్‌కి లిఫ్ట్ కిట్ కొనేముందు ఒకసారి ముందు చక్రాల కిందకి దూరి చూడండి

పికప్ ఎత్తు పెంచుదాం అనుకున్న ప్రతి ఒక్కళ్ళూ మొదట అడిగేది ఒకటే, ఎన్ని ఇంచులు లేపొచ్చు అని. అది రెండో ప్రశ్న అండి. మొదటి ప్రశ్న మీ బండి ముందు సస్పెన్షన్ ఏ రకం అనేది. ఇక్కడ టూ వీల్ డ్రైవ్ అంటే ఇంజన్ బలం వెనక చక్రాలకే వెళ్ళే పికప్ అని. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి చేసిన కిట్ అదే కంపెనీ, అదే మోడల్, అదే సంవత్సరం టూ వీల్ డ్రైవ్ బండికి చాలాసార్లు అస్సలు ఎక్కదు, ఆ సంగతి డబ్బా విప్పి పార్టులు బండి పక్కన పరిచి చూస్తేగానీ తెలీదు, అప్పటికే పాత బోల్టులు సగం ఊడదీసేసి ఉంటారు.

ఫోర్డ్ రేంజర్‌నే తీసుకోండి. 1983 నుంచి 1997 దాకా వచ్చిన టూ వీల్ డ్రైవ్ రేంజర్‌కి ముందు ట్విన్ ఐ బీమ్ ఉంటుంది. 1998 నుంచి కాయిల్ స్ప్రింగ్, రెండు కంట్రోల్ ఆర్మ్‌లు (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చేతులు) వచ్చాయి. కానీ ఆ తర్వాత వచ్చిన ఎడ్జ్ అనే మోడల్ టూ వీల్ డ్రైవే అయినా దానికి ఫోర్ వీల్ డ్రైవ్ బండిలాగా టార్షన్ బార్ పెట్టారు. పేరు ఒకటే, సస్పెన్షన్లు మూడు, వీటిని ఎలా గుర్తుపట్టాలో కింద చెప్తాను. అలాగే 1999 నుంచి 2006 దాకా వచ్చిన సిల్వరాడో 1500లో టూ వీల్ డ్రైవ్‌కి కాయిల్, ఫోర్ వీల్ డ్రైవ్‌కి టార్షన్ బార్. టయోటా టకోమాలో దీనికి రివర్స్, 1998లో వచ్చిన ప్రీరన్నర్ టూ వీల్ డ్రైవే గానీ ఎత్తూ సస్పెన్షనూ ఫోర్ వీల్ డ్రైవ్‌వి, చక్రానికి ఆరు నట్లు, కాబట్టి దానికి ఫోర్ వీల్ డ్రైవ్ కిట్లే పడతాయి, ఐదు నట్ల మామూలు టకోమాకి అవి పడవు. అందుకే సైట్‌లో మోడల్, సంవత్సరం కొట్టి వచ్చింది కొనేయడం అంత రిస్క్ ఇంకోటి లేదు.

కాబట్టి టార్చ్ పట్టుకుని స్టీరింగ్ ఒకవైపు ఫుల్లుగా తిప్పి ముందు చక్రం వెనక నుంచి చూడండి. పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, మధ్యలో లావుపాటి స్ప్రింగ్ ఒక్కటే కూర్చుని ఉంటే అది మామూలు కాయిల్ రకం, షాక్ దాని మధ్యలోంచి వెళ్ళినా పక్కన ఉన్నా సరే. స్ప్రింగూ షాకూ రెండూ కలిసి ఒకే యూనిట్‌గా పైన మూడు నాలుగు నట్లతో బిగించి ఉంటే అది స్ట్రట్, కొందరు కాయిలోవర్ అంటారు. స్ప్రింగ్ అసలు కనిపించకుండా కింది ఆర్మ్ దగ్గర మొదలై ఛాసిస్ వెంట వెనక్కి పొడుగ్గా ఒక ఇనప కడ్డీ పోతుంటే అది టార్షన్ బార్. రెండు పొడుగాటి బీమ్‌లు ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ కుడి చక్రం బీమ్ ఎడమ వైపున, ఎడమది కుడి వైపున బిగించి ఉంటే ట్విన్ ఐ బీమ్. ఒక ఫోటో తీసి పెట్టుకోండి, కిట్ అమ్మేవాళ్ళతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఇక ఎత్తు సంగతి. లిఫ్ట్ ఎందుకు కావాలో మీకు మీరు క్లియర్‌గా చెప్పుకోండి, ఎందుకంటే లిఫ్ట్ చేస్తే వెనక డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో గేర్లుండే ఉబ్బెత్తు భాగం) ఒక్క మిల్లీమీటర్ కూడా నేల నుంచి పైకి లేవదు. ఈ మాట చాలామంది నమ్మరు. వెనక యాక్సిల్ హౌసింగ్ చక్రాలకి బిగించి ఉంటుంది, సస్పెన్షన్ పైకి లేపితే ఛాసిస్, బాడీ లేస్తాయి, హౌసింగ్ ఎక్కడ ఉండేది అక్కడే ఉంటుంది. దాన్ని లేపేది పెద్ద టైర్ ఒక్కటే, అది కూడా పెరిగిన ఎత్తులో సగమే. లెక్క చూడండి, 235/75ఆర్15 టైర్ ఎత్తు దాదాపు 28.9 ఇంచులు, 265/75ఆర్16 దాదాపు 31.6 ఇంచులు. తేడా 2.7 అయితే హౌసింగ్ కింద మీకు దక్కేది ఒక ఇంచు, దాని మీద ఇంకో మూడో వంతు. లిఫ్ట్ చేసే నిజమైన పని ఏంటంటే ఆ పెద్ద టైర్ ఫెండర్‌కి తగలకుండా చోటు ఇవ్వడం, ముందు బంపర్ కిందా ఛాసిస్ మధ్యలో కిందా ఖాళీ పెంచడం. అందుకే నేనైతే ముందు టైర్ సైజు డిసైడ్ అవ్వమంటాను, ఆ టైర్ పట్టడానికి ఎంత కావాలో అంతే లేపండి, ఒక్క ఇంచు కూడా ఎక్కువ వద్దు.

ఇంకోటి, టూ వీల్ డ్రైవ్‌కి లిఫ్ట్ వల్ల గ్రిప్ రాదు. బురదలో దిగబడితే ఎత్తుగా దిగబడుతుంది అంతే. గ్రిప్ కావాలంటే మంచి టైర్లు, తొట్టిలో కొంచెం బరువు, వెనక ఒక చక్రం జారినా రెండో చక్రానికి బలం వెళ్ళేలా చేసే లిమిటెడ్ స్లిప్ గానీ లాకర్ గానీ, వీటి మీద పెట్టండి. బడ్జెట్ తక్కువ ఉంటే నాలుగు ఇంచుల కిట్ కన్నా రెండు ఇంచుల కిట్, ఒక లాకర్ తీసుకున్నవాడు ఎక్కువ దూరం వెళ్తాడు, ఇది నేను కళ్ళారా చూసిన విషయం.

ఇప్పుడు టూ వీల్ డ్రైవ్ వాళ్ళకి ఉన్న ఒక పెద్ద అడ్వాంటేజ్ చెప్తాను. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు డిఫరెన్షియల్ ఉంటుంది, అక్కడి నుంచి ప్రతి చక్రానికీ ఒక యాక్సిల్ షాఫ్ట్ పోతుంది, ఆ షాఫ్ట్ జాయింట్లు ఒక కోణం దాటితే వాటి మీదుండే బూట్లు (గ్రీజు కారకుండా ఆపే రబ్బరు తొడుగులు) చిరిగి జాయింట్ పోతుంది, అందుకే వాళ్ళ కిట్లో సగం ఇనుము ఆ డిఫరెన్షియల్‌ని కిందికి దించడానికే పోతుంది. మనకి ఆ గొడవే లేదు. హబ్ మధ్యలోంచి షాఫ్ట్ రాదు కాబట్టి స్టబ్ యాక్సిల్ ఉన్న పార్ట్‌నే, అంటే స్పిండిల్‌నే మార్చేయొచ్చు. లిఫ్ట్ స్పిండిల్‌లో బాల్ జాయింట్లు (ఆర్మ్‌నీ స్పిండిల్‌నీ కలిపే గుండ్రటి కీళ్ళు) పట్టే రంధ్రాలు ఎక్కడివి అక్కడే ఉంటాయి, హబ్ తిరిగే స్టబ్ మాత్రం మూడు నాలుగు ఇంచులు కిందికి ఉంటుంది. చక్రం కిందికి పోయింది అంటే బండి పైకి లేచినట్టే కదా. కంట్రోల్ ఆర్మ్‌ల కోణం మారలేదు, స్ప్రింగ్ మారలేదు, బాల్ జాయింట్ మీద కొత్త ఒత్తిడి లేదు, రైడ్ దాదాపు కంపెనీ బండిలాగే ఉంటుంది. కాయిల్ రకం బండి ఉండి మీ మోడల్‌కి స్పిండిల్ దొరుకుతుంటే ఇక వేరే ఆలోచన పెట్టుకోకండి అంటాను.

దానికీ కొన్ని షరతులు ఉన్నాయి. స్టబ్ కిందికి దిగేసరికి స్పిండిల్ పై భాగం, స్టీరింగ్ కడ్డీ చివరి కీలు అంటే టై రాడ్ ఎండ్ ఇవి రిమ్ లోపలి గోడకి దగ్గరగా వస్తాయి, అందుకని చిన్న రిమ్ పట్టదు, పాత 15 ఇంచుల రిమ్‌లు చాలా కిట్లతో తగులుతాయి, కనీసం ఎంత రిమ్ కావాలో, బ్యాక్ స్పేసింగ్ (రిమ్ హబ్‌కి ఆనే చోటు నుంచి లోపలి అంచు దాకా దూరం) ఎంత ఉండాలో కిట్ వాళ్ళు రాసే ఉంటారు, అది చదివి రిమ్‌ల ఖర్చు కూడా కలుపుకుని బడ్జెట్ వేసుకోండి. బేరింగ్ సైజు, డిస్క్ సైజు, ఏబీఎస్ సెన్సార్ రంధ్రం ఉందో లేదో ఇవి కూడా మీ బండివే అయి ఉండాలి. క్యాలిపర్ కూడా కిందికి పోతుంది కాబట్టి బ్రేక్ హోస్ పొడుగు సరిపోతుందా, బ్రాకెట్ ఇస్తున్నారా అని అడగండి.

స్పిండిల్ బదులు కాయిల్ కింద స్పేసరో (ఎత్తు కోసం పెట్టే దిమ్మ), పొడుగు స్ప్రింగో పెట్టి లేపడం ఇంకో పద్ధతి. స్ప్రింగ్ కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రం ఆర్మ్ చివర ఉంటుంది, కాబట్టి ఒక ఇంచు స్పేసర్ పెడితే చక్రం దగ్గర సుమారు రెండు ఇంచులు లేస్తుంది. ఇది తెలీక రెండు ఇంచులు కావాలని రెండు ఇంచుల స్పేసర్ పెట్టిన బండ్లు ఉన్నాయి. నా మొదటి పికప్‌కి ఒక మెకానిక్ షెడ్డులో సరిగ్గా ఇదే చేశారు, రెండు ఇంచులు అడిగితే దగ్గర దగ్గర నాలుగు లేచింది, చూడ్డానికి మాత్రం చాలా బాగుండేది, నేనూ మురిసిపోయాను. ఆరు వారాలకి ముందు కుడి టైర్ బయటి అంచు చేత్తో తడిమితే రంపం పళ్ళలాగా తగిలింది. జాకీ పెట్టి చూస్తే పై బాల్ జాయింట్ రబ్బరు బూటు ఒక పక్క చీలిపోయి గ్రీజు అంతా ఆర్మ్ మీదకి కారి దుమ్ముతో గడ్డకట్టుకుపోయి ఉంది. ఆర్మ్ చివరిదాకా కిందికి వాలిపోయి జాయింట్ తన కోణం హద్దుకి వచ్చేసింది, ప్రతి గుంతలో అది లోపల ఇనుముకి ఇనుము కొట్టుకుంటోంది. ఆ జాయింట్ ఊడొస్తే చక్రం పక్కకి ఒరిగిపోతుంది, స్పీడులో అది జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. స్పేసర్లు తీసేసి స్పిండిల్స్ వేయించాక ఆ సమస్య మళ్ళీ రాలేదు. అందుకే కాయిల్ స్పేసర్‌తో రెండు ఇంచులకి మించి నేను ఎవరికీ చెప్పను.

దీని వెనక ఉన్న విషయం ఒకటి అర్థం చేసుకుంటే ఏ కిట్ అయినా మీరే జడ్జ్ చేయగలరు. చక్రం మామూలుగా నిలబడ్డ చోటు నుంచి పైకి కొంత, కిందికి కొంత కదలగలదు. కిందికి కదిలేది నాలుగు ఇంచులు అనుకోండి, స్పేసరో, టార్షన్ బార్‌ని ఇంకా మెలిపెట్టే టార్షన్ కీనో పెట్టి మూడు ఇంచులు లేపితే ఆ నాలుగులో మూడు మీరు ముందే వాడేసుకున్నట్టు. ఇక గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి దిగడానికి మిగిలింది ఒక ఇంచు, అది అయిపోగానే ఠక్ మని కొట్టుకుంటుంది. లిఫ్ట్ చేశాక బండి గట్టిగా అయిపోయింది అని జనాలు అంటుంటారే, చాలాసార్లు అది స్ప్రింగ్ గట్టితనం కాదు, కిందికి దిగే దారి అయిపోవడం.

స్ట్రట్ బండ్లకి అందరూ అమ్మేది స్ట్రట్ పైన పెట్టే స్పేసర్, రెండు ఇంచుల దాకా అది పర్వాలేదు, ముఖ్యంగా ముందు వైపు కొంచెం వంగి ఉన్నట్టు కనిపించే బండిని లెవెల్ చేయడానికి. కొన్ని స్పేసర్లు స్ట్రట్ విప్పి స్ప్రింగ్ పైన లోపల పెట్టేవి ఉంటాయి, అవి స్ప్రింగ్‌ని ముందే నొక్కేస్తాయి, వాటి జోలికి వెళ్ళకపోవడం మంచిది. డబ్బు పెట్టగలిగితే పొడవు సరిగ్గా డిజైన్ చేసిన కాయిలోవర్లు, వాటితో పాటు బాల్ జాయింట్ కోణం సరిచేసిన కొత్త పై ఆర్మ్‌లు తీసుకోండి, ఇది ఖరీదైన దారే గానీ రోజూ నడిపే బండికి నిజంగా తేడా తెలుస్తుంది. పై ఆర్మ్‌కీ బాల్ జాయింట్‌కీ మధ్య పెట్టే చిన్న స్పేసర్లు కూడా అమ్ముతారు, చవకగా కనిపిస్తాయి, నేను వాటిని వద్దనే చెప్తాను.

టార్షన్ బార్ బండిలో బోల్టు తిప్పితేనే ఎత్తు పెరుగుతుంది కాబట్టి ఫ్రీగా లిఫ్ట్ వచ్చింది అనిపిస్తుంది. ఒక ఇంచు, ఇంచున్నర దాకా ఓకే. అంతకన్నా తిప్పితే పైన చెప్పిన కథే, పై ఆర్మ్ కిందికి దిగే చోట ఉండే రబ్బరు స్టాపర్ మీద వచ్చి కూర్చుంటుంది.

ట్విన్ ఐ బీమ్ వేరే లోకం. 1965లో ఫోర్డ్ వాళ్ళు దీన్ని పికప్‌లలోకి తెచ్చారు, ఎఫ్ 150లో 1996 దాకా ఉంది, గట్టి సరుకు. కానీ పొడుగు స్ప్రింగ్ ఒక్కటే వేసి లేపితే బీమ్ కోణం మారి టైర్ల పై భాగం బయటికి ఒరుగుతుంది, ముందు నుంచి చూస్తే కాళ్ళు దగ్గరపెట్టి నిలబడ్డట్టు ఉంటుంది. కాబట్టి ఈ బండికి కిట్ అంటే స్ప్రింగులతో పాటు బీమ్ బిగించే చోటుని కిందికి దించే బ్రాకెట్లు, బీమ్ ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టే రేడియస్ ఆర్మ్‌ల బ్రాకెట్లు, ఎత్తుని బట్టి దించిన పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ నుంచి వచ్చే చెయ్యి), ఇవన్నీ ఉండాలి. స్ప్రింగులు మాత్రమే ఉన్న డబ్బాని ఫుల్ కిట్ అని అమ్ముతుంటే పక్కన పెట్టేయండి.

ఆరు ఇంచులు ఆపైన కావాలంటే ముందు క్రాస్ మెంబర్ (ఛాసిస్‌లో అడ్డంగా ఉండే దూలం) కోసి కిందికి దించే కిట్లు వస్తాయి. ఒకసారి కోస్తే మళ్ళీ వెనక్కి రాదు, వెల్డింగ్ తెలిసినవాళ్ళ పని అది. టూ వీల్ డ్రైవ్ బండికి అంత ఎత్తు అవసరం ఎప్పుడో గానీ రాదు. బాడీ లిఫ్ట్ అనేది సస్పెన్షన్‌కి సంబంధం లేని విషయం, బాడీకీ ఛాసిస్‌కీ మధ్య దిమ్మలు పెట్టి టైర్‌కి చోటు చేస్తారు, ఛాసిస్ ఎత్తు మారదు.

వెనక వైపు చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, కమాన్ కట్టలే, అంటే లీఫ్ స్ప్రింగులే కదా అని. ముందు కమాన్ యాక్సిల్ పైన ఉందా కింద ఉందా చూడండి. కింద ఉంటే దాన్ని పైకి మార్చడంతోనే యాక్సిల్ ట్యూబ్ లావు ప్లస్ కమాన్ కట్ట మందం అంత ఎత్తు వచ్చేస్తుంది, అది చాలాసార్లు మీకు కావాల్సినదానికన్నా ఎక్కువ, పైగా కొత్త సీట్లు వెల్డ్ చేయాలి. పైనే ఉంటే మూడు దారులు. దిమ్మలు పెట్టడం చవక, రెండు మూడు ఇంచుల దాకా బాగానే ఉంటుంది, కానీ దిమ్మ మీద దిమ్మ ఎప్పుడూ పెట్టకండి, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు హౌసింగ్ మెలితిరిగి కమాన్ ఎస్ ఆకారంలో వంగుతుంది, దిమ్మ ఎంత ఎత్తుంటే అది అంత ఎక్కువ. అదనంగా ఒక పట్టీ వేయడం రెండోది, తొట్టిలో తరచూ బరువు వేసేవాళ్ళకి బాగుంటుంది, ఖాళీ బండిని గట్టిగా ఎగరేస్తుంది. మూడోది కొత్త కమాన్ కట్టలే వేయించడం, బండి పాతదై కమాన్లు చదునుగా అయిపోయి ఉంటే ఇదే కరెక్ట్. పొడుగు షాకిల్స్ (కమాన్ చివరని ఛాసిస్‌కి కలిపే ముక్కలు) కూడా వాడతారు, వాటికి గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, రెండు ఇంచులు పొడుగైతే బండి లేచేది దాదాపు ఒక ఇంచే. ఏది చేసినా కమాన్‌ని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు మాత్రం కొత్తవి వేయాలి, ఒకసారి బిగించి సాగిన యూ బోల్టుని మళ్ళీ వాడకూడదు.

వెనక లేపగానే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారుతుంది. పొడుగు బండ్లలో షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉండి మధ్యలో సెంటర్ బేరింగ్ ఉంటుంది, ఆగి కదిలేటప్పుడు సీటు కింద నుంచి గుడగుడమని అదిరితే అనుమానం దాని మీదే పెట్టుకోండి, బేరింగ్‌ని కొంచెం కిందికి దించే స్పేసర్లు కిట్లో ఉన్నాయా చూడండి. కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీద ఉన్న బ్రేక్ వాల్వ్‌కి ఒక చిన్న రాడ్ ఉంటుంది, బండి మీద ఎంత బరువుందో దాన్ని బట్టి వెనక బ్రేక్ ప్రెషర్ మారుస్తుంది. లిఫ్ట్ చేస్తే ఆ వాల్వ్ బండి ఎప్పుడూ ఖాళీగానే ఉంది అనుకుని వెనక బ్రేక్ తగ్గించేస్తుంది. ఆ రాడ్‌కి బ్రాకెట్ మార్చకపోతే లోడ్ వేసినప్పుడు బ్రేక్ సరిగ్గా పట్టదు, దీన్ని షెడ్లో చాలామంది మర్చిపోతారు, దయచేసి మీరే అడగండి.

పెద్ద టైర్ లెక్క కూడా ముందే వేసుకోండి. 28 ఇంచుల టైర్ తీసి 31 వేస్తే స్పీడోమీటర్ 60 చూపించినప్పుడు బండి అసలు 66 మీద ఉంటుంది, 3.73 గేర్ రేషియో కాస్తా 3.37 లాగా పనిచేస్తుంది, అంటే బండి లాగే ఊపు తగ్గుతుంది. చిన్న ఇంజన్ టూ వీల్ డ్రైవ్ బండికి ఇది గట్టిగా తెలుస్తుంది. బండి ఎత్తు పెరిగితే మలుపుల్లో ఒరుగుడు కూడా పెరుగుతుంది, లోడ్ కెపాసిటీ మాత్రం పెరగదు, ఇంట్లో వేరేవాళ్ళు కూడా నడిపే బండి అయితే వాళ్ళకి ఈ సంగతి చెప్పి తాళం ఇవ్వండి. మీరున్న చోట బంపర్ ఎత్తు, హెడ్‌లైట్ ఎత్తు మీద రూల్స్ ఏంటి, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పాలా అనేవి కొనక ముందే కనుక్కోండి.

కొనేముందు ఇంకో పని, చదునైన నేల మీద బండి పెట్టి నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలవకండి, టైర్ గాలిని బట్టి అది మారిపోతుంది. ఎడమకీ కుడికీ అర ఇంచు కన్నా తేడా ఉంటే ఒక స్ప్రింగ్ వాలిపోయిందని, ముందు దాని సంగతి చూడాలి. పాత బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు, బుష్‌లు లూజు ఉంటే అవి కూడా ఈ పనిలోనే మార్చేయండి, మళ్ళీ విప్పే లేబర్ మిగుల్తుంది.

కాయిల్ స్ప్రింగ్ తీసే పని మాత్రం సరైన స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కిపట్టే టూల్) లేకుండా ఎవరూ ఇంట్లో ట్రై చేయొద్దు, నొక్కిపట్టి ఉన్న స్ప్రింగ్ జారితే చెయ్యో మొహమో పోతుంది. తెలిసినవాళ్ళు కూడా స్ప్రింగ్‌ని ఛాసిస్‌కి గొలుసుతో కట్టి, ఆర్మ్ కింద జాకీ పెట్టి మెల్లగా దించుతారు.

బిగించాక బండిని అలాగే నేల మీదకి దించేయకండి. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి చక్రాలు గాల్లో వేలాడనిచ్చి స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పమని ఒకళ్ళకి చెప్పి మీరు పక్కన కూర్చుని బ్రేక్ హోస్‌నీ ఏబీఎస్ వైర్‌నీ చూడండి, ఏదైనా బిగుసుకుపోతుంటే అది పొడుగు సరిపోలేదు. బాల్ జాయింట్ బూటు ఒక పక్క నలిగిపోకూడదు. కింద వేలాడుతున్నప్పుడు ఆపుతున్నది షాక్ అయితే ఆ షాక్ పొట్టిది, ఎక్కువ రోజులు బతకదు, పొడుగు షాకులు తెప్పించండి. తర్వాత కింద పెట్టి బుష్ బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఫైనల్‌గా టైట్ చేయాలి, గాల్లో టైట్ చేస్తే బుష్ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది.

అదే రోజు అలైన్‌మెంట్‌కి తీసుకెళ్ళండి, రేపు చూద్దాం అనుకోకండి. టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే చూసి పంపిస్తే ఒప్పుకోకండి, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వాలు) కూడా ప్రింట్ తీసి ఇమ్మనండి. క్యాస్టర్ తగ్గిపోయి ఉంటే బండి రోడ్డు మీద అటూ ఇటూ తేలుతుంది, స్టీరింగ్ వదిలితే తనంతట తాను మధ్యకి రాదు. కంపెనీ అడ్జస్ట్‌మెంట్‌లో రాకపోతే మీరు ఎంచుకున్న ఎత్తుకి ఆ ఆర్మ్‌లు సరిపోలేదని, కొత్త పై ఆర్మ్‌లు వేయాలి లేదా ఒక ఇంచు దించాలి. కొత్త బండ్లలో అద్దం వెనక కెమెరా ఉంటే దాన్ని మళ్ళీ క్యాలిబ్రేట్ చేయించాలి.

ఓ 800 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు, ఆర్మ్ బోల్టులు, చక్రం నట్లు అన్నీ టార్క్ రెంచ్‌తో మళ్ళీ ఒకసారి బిగించండి, యూ బోల్టులు కచ్చితంగా కొంచెం తిరుగుతాయి, మీరే చూస్తారు. హెడ్‌లైట్లు కూడా ఒక గోడ ముందు బండి ఆపి కిందికి అడ్జస్ట్ చేయండి, ముందు వైపు లేచింది కాబట్టి ఇప్పుడవి ఎదురుగా వచ్చేవాళ్ళ కళ్ళల్లోకి కొడుతుంటాయి.